పావు తక్కువ నాలుగు రౌండ్లు: పరుగు బాటలో అకరణీయ సంఖ్యలు

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెల్లవారుజామున ప్రయాణిస్తే రోడ్డు పక్కన పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు కనిపిస్తారు. వీళ్లలో చాలామంది కళ్ల ముందున్నది సైన్యం భర్తీ ర్యాలీ. అందులో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవాళ్లు పై గ్రూపులో ఉంటారు, వాళ్లకే పరుగుకు పూర్తి మార్కులు. అంటే 1600 మీటర్లు, 330 సెకన్లు. లెక్క చాలా తేలికగా కనిపిస్తుంది. ఒకదాన్ని రెండోదానితో భాగించి, ఆ వేగంతో పరుగెత్తితే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

భాగిస్తే సెకనుకు 160/33 మీటర్లు వస్తుంది. ఇలా రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగేవే అకరణీయ సంఖ్యలు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ మీద కొడితే 4.848484 అంటూ తెర నిండిపోతుంది. తొమ్మిదో తరగతిలో చెప్పే ‘అంతం కాని ఆవర్తిత దశాంశం’ ఇదే. అంత పొడుగు సంఖ్యను ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి 4.8 అనేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. సెకనుకు సరిగ్గా 4.8 మీటర్ల చొప్పున పరుగెత్తినవాడికి 1600 మీటర్లకు 333⅓ సెకన్లు పడుతుంది. మూడు సెకన్లకు పైగా ఆలస్యం. ఆ కుర్రాడు అనుకున్నట్టే పరుగెత్తాడు, కాళ్లలో శక్తికి కొరత లేదు, కానీ దశాంశాన్ని కత్తిరించినందుకు కింది గ్రూపులో పడ్డాడు.

160/33ని 160/33గానే ఉంచితే ఈ నష్టం ఉండదు. పరుగు లెక్కల్లో పాటించాల్సిన పద్ధతి ఇదే. భిన్నాన్ని చివరి అడుగు దాకా భిన్నంగానే మోయాలి, కత్తిరించడం ఒక్కసారే జరగాలి, అదీ ఏ వైపుకు కత్తిరిస్తున్నామో తెలిసి జరగాలి.

ఈ 330 సెకన్లను ఒక గ్రౌండ్ మీద పరిచి చూద్దాం. ఊళ్లలో 400 మీటర్ల ట్రాకులు అరుదు. ఉన్న జాగాలో 300 మీటర్ల బాట గీసుకున్నారనుకుందాం. 1600ను 300తో భాగిస్తే 16/3, అంటే 5⅓ రౌండ్లు. ఆ మూడో వంతు రౌండును ముందే పరుగెత్తించాలి. ఫినిషింగ్ లైన్‌కు 100 మీటర్ల వెనక నుంచి బయల్దేరితే, లైన్ మొదటిసారి దాటాక సరిగ్గా 5 రౌండ్లు మిగులుతాయి. ఒక్కో రౌండుకు ఎంత సమయం ఉందో చూడాలంటే 330ని 16/3తో భాగించాలి. భిన్నంతో భాగించడమంటే తిరగేసి గుణించడం: 330 × 3/16 = 495/8. అంటే 61⅞ సెకన్లు.

ఏడు ఎనిమిదో వంతులు అనగానే బెదిరిపోవక్కర్లేదు. కూరగాయల కొట్లో అరపావు అనే మాట అందరికీ తెలుసు. పావులో సగం, అంటే ఎనిమిదో వంతు. రౌండుకు అరపావు తక్కువ 62 సెకన్లు, అంతే. లైన్ దగ్గర నిలబడి వాచీ చూసేవాడు కుర్రాడు దాటిన ప్రతిసారీ అరవాల్సిన లెక్క ఇలా నడుస్తుంది: మొదటి 100 మీటర్లకు 20⅝, ఆ తర్వాత 82½, 144⅜, 206¼, 268⅛, చివరికి 330. ఎక్కడా మిగులు లేదు, తరుగు లేదు. అదే రౌండుకు 62 అని గుండుగా పెట్టుకుంటే 62 × 16/3 = 330⅔. మూడింట రెండు వంతుల సెకను ఆలస్యం. ఒక్క అరపావును పట్టించుకోనందుకు!

రెండు బడులు, రెండు పేర్లు

సరిహద్దు ఊళ్లలో తెలుగు పిల్లలు ఇంట్లో ఒక భాషలో లెక్కపెడతారు, బడిలో ఇంకో భాషలో రాస్తారు. పాత గంజాం జిల్లాలో కొంత భాగం 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒడిశాలోకి వెళ్లింది. పర్లాకిమిడి అలా అటువైపు పడింది, కొద్ది దూరంలోనే ఉన్న పాతపట్నం ఇటువైపు ఉండిపోయింది. అందుకే ఒకే ఇంటి అన్నదమ్ముల పిల్లలు ఒకే పాఠాన్ని రెండు పేర్లతో చదవడం ఇక్కడ వింతేమీ కాదు. తెలుగు పుస్తకంలో ‘అకరణీయ సంఖ్యలు’ అని ఉంటే, ఒడియా పుస్తకంలో ‘పరిమేయ సంఖ్య’ అని ఉంటుంది.

ఈ రెండు పేర్లలో పిల్లలకు దారి చూపేది ఒడియా పేరే అని ఒప్పుకోవాలి. పరిమేయం అంటే కొలవదగినది. తెలుగు పేరు ‘కరణి’ (√2 లాంటి, భిన్నంగా రాయలేని మూలం) కానిది అని చెబుతుంది. ఏది కాదో చెబుతుంది గానీ ఏమిటో చెప్పదు. పైగా ముందున్న ‘అ’ను చూసి, ఇవేవో లెక్కకు లొంగని సంఖ్యలని పిల్లలు పొరబడతారు. నిజానికి ఇవే లొంగేవి. లవం, హారం రెండూ పూర్ణసంఖ్యలై, హారం సున్నా కాకపోతే చాలు. పావు, అర, ముప్పావు, మైనస్ పావు, 5⅓ రౌండ్లు, 12.78 సెకన్లు అన్నీ ఈ కుటుంబంలోవే. వాచీ తెర మీద, టేపు మీద కనిపించే ప్రతి అంకే అకరణీయ సంఖ్యే. గ్రౌండ్‌లో లొంగని సంఖ్య ఒక్కటే ఉంది, అది మలుపుల్లో దాక్కుంటుంది. దాని సంగతి కాసేపట్లో.

వాడుకలో ఉన్న భిన్నాల మాటలు చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తెలుగులో ఒకటిన్నర, రెండున్నర అని పూర్తి సంఖ్యకు సగం కలుపుతాం. ఒడియాలో ఒకటిన్నరకు ‘దేఢ’, రెండున్నరకు ‘అఢేయి’ అని విడి మాటలున్నాయి. అఢేయికి మూలం అర్ధతృతీయ, అంటే మూడోదానిలో సగం. మూడున్నర నుంచి మాత్రం ‘సాఢే’ చేర్చి చెబుతారు. 400 మీటర్ల ట్రాకు మీద 1000 మీటర్ల పరుగంటే తెలుగు పిల్లవాడికి రెండున్నర రౌండ్లు, పక్క ఒడియా పిల్లవాడికి అఢేయి రౌండ్లు. ఒకరు ‘రెండు అయ్యాయి, ఇంకో సగం’ అనుకుంటారు, ఇంకొకరి మాట లోపల ‘మూడోది సగమే’ అన్న లెక్క ఉంది. ఒకే బిందువును రెండు వైపుల నుంచి చూడటం ఇది.

1500 మీటర్ల పరుగులో ఈ రెండో చూపు బాగా పనికొస్తుంది. 1500/400 = 15/4 = 3¾. మూడుంముప్పావు రౌండ్లు. కానీ గడియారం చూసి చెప్పినట్టు ‘పావు తక్కువ నాలుగు’ అంటే స్టార్టింగ్ లైన్ ఎక్కడ గీయాలో ఆ మాటలోనే తెలిసిపోతుంది. నాలుగు రౌండ్ల పరుగు ఫినిషింగ్ లైన్ దగ్గరే మొదలవుతుంది. అందులో పావు రౌండు తగ్గాలి కాబట్టి 100 మీటర్లు ముందుకు జరిగి గీత గీయాలి. 4 + (−1/4) = 15/4. రుణ అకరణీయ సంఖ్యల కూడిక అని బోర్డు మీద రాస్తే తలనొప్పిగా ఉండే విషయం, గ్రౌండ్‌లో ఓ వంద పైచిలుకు అంగల్లో నడిచి చూపించవచ్చు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. పిల్లవాడి నోట్లో ఉన్న మాటతో పాఠం మొదలుపెట్టాలన్న పట్టుదల ఆయనది. లెక్కల పాఠానికి అది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

గూటం, తాడు, సున్నం

హైస్కూలు గ్రౌండ్‌లో 200 మీటర్ల బాట గీయడాన్ని దగ్గర నుంచి చూస్తే ఈ సంఖ్యల సత్తా ఏమిటో తెలుస్తుంది. బాట అంటే రెండు తిన్నని గీతలు, రెండు అర్ధవృత్తాలు. రెండు అర్ధవృత్తాలు కలిస్తే ఒక వృత్తం. వ్యాసార్ధం 14 మీటర్లు తీసుకుంటే చుట్టుకొలత 2 × 22/7 × 14 = 88. మిగిలిన 112 మీటర్లను రెండు తిన్నని వైపులకూ పంచితే 56 చొప్పున వస్తుంది. 14ను ఎంచుకోవడంలోనే తెలివి ఉంది, హారంలోని 7 దాన్ని తినేస్తుంది, గ్రౌండ్‌లో భిన్నమన్నదే మిగలదు. 300 మీటర్ల బాట కావాలంటే వ్యాసార్ధం 21, తిన్నని వైపు 84. 168 + 132 = 300.

డ్రిల్లు మాస్టారు మధ్యలో గూటం దిగ్గొడతారు. తాడుకు ఒక చివర ఉచ్చు వేసి గూటానికి తగిలిస్తారు. రెండో చివరను ఒక కుర్రాడు బిగువుగా పట్టుకుని మెల్లగా అర్ధచంద్రాకారంలో నడుస్తుంటే, వెనకాలే ఇంకొకరు డబ్బాలోంచి సున్నం పోసుకుంటూ వస్తారు. ఇక్కడ తాడు పొడుగు 14 కాదు, 13.80 ఉండాలి. పరుగెత్తేవాడు గీత మీద కాలు పెట్టడు, దానికి కొంచెం అవతల పరుగెత్తుతాడు. అందుకే గట్టు లేని, గీత మాత్రమే ఉన్న బాటను గీతకు 20 సెంటీమీటర్ల అవతల కొలవాలని నిబంధన. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. నాలుగు లేన్లు వేస్తే మొత్తం బాటకు 93.36 మీటర్ల పొడవు, 37.36 మీటర్ల వెడల్పు ఉన్న జాగా చాలు.

తాడు సాగితే ఏమవుతుంది? నైలాన్ తాడును గట్టిగా లాగితే 10 సెంటీమీటర్లు సాగడం పెద్ద విషయం కాదు. వ్యాసార్ధంలో 1/10 మీటరు పెరిగితే రౌండులో 44/7 × 1/10 = 22/35 మీటరు, అంటే దాదాపు 63 సెంటీమీటర్లు పెరుగుతుంది. 1600 మీటర్లకు 8 రౌండ్లు, కాబట్టి మొత్తం 176/35 మీటర్లు, 5 మీటర్ల పైమాటే. మన కుర్రాడి వేగం 160/33 కాబట్టి ఆ అదనపు దూరానికి పట్టే సమయం 176/35 × 33/160. కొట్టివేతలు అయ్యాక 363/350. ఒక సెకనుకు కాస్త ఎక్కువ. గ్రౌండ్‌లో 331 సెకన్లు వస్తోందని దిగులుపడే కుర్రాడు నిజానికి 330లోపే ముగిస్తున్నాడు, దాచేసింది తాడు. స్టీలు టేపుతో గీస్తే ఈ బాధ తప్పుతుంది.

ఇక మలుపుల్లో దాక్కున్న ఆ లొంగని సంఖ్య ‘పై’. అది కరణీయ సంఖ్య, ఏ భిన్నమూ దానికి సరిగ్గా సరిపోదు. 22/7 దానికంటే కాస్త పెద్దది. తేడా 1/800 కంటే కొంచెం ఎక్కువ, అంతే. 14 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మన బాట దానివల్ల రౌండుకు మూడున్నర సెంటీమీటర్లు తగ్గుతుంది. సాగిన తాడు ముందు ఇది లెక్కలోకి రాదు, కాబట్టి ఊరి గ్రౌండ్‌కు 22/7 నిశ్చింతగా వాడుకోవచ్చు. 400 మీటర్ల ప్రామాణిక ట్రాకు దగ్గర మాత్రం కుదరదు. దాని మలుపు వ్యాసార్ధం 36.50 మీటర్లు, లోపలి అంచున గట్టు ఉంటుంది కాబట్టి 30 సెంటీమీటర్ల అవతల, అంటే 36.80 దగ్గర కొలుస్తారు. తిన్నని వైపు ఒక్కొక్కటి 84.39. మలుపులను 22/7తో లెక్కగట్టి మిగతాది తిన్నని వైపులకు పంచితే, కట్టిన ట్రాకు 9 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. ట్రాకు 400 మీటర్లకు ఎంతమాత్రం తగ్గకూడదు, పెరిగితే 4 సెంటీమీటర్లు దాటకూడదని నియమం. అక్కడ 3.1416 కావాలి. అదీ భిన్నమే: క్రీ.శ. 499లో ఆర్యభటుడు ఇచ్చిన 62832/20000. ఇది ‘ఆసన్నం’, అంటే దగ్గరి విలువ మాత్రమే అని ఆయన అప్పుడే చెప్పాడు. ఆ భిన్నంతో లెక్కిస్తే 400 మీటర్లలో తేడా రెండు మిల్లీమీటర్లకు మించదు.

లేన్లు గీశాక అసలు చిక్కు వస్తుంది. బయటి లేన్‌లో పరుగెత్తేవాడికి మలుపు పెద్దది, కాబట్టి అతన్ని ముందు నుంచి బయల్దేరదీయాలి. దీన్ని స్టాగర్ అంటారు. 200 మీటర్ల బాట మీద రెండో లేన్ వ్యాసార్ధం 15.22. మొదటిదాని కంటే ఎంత ఎక్కువ? 44/7 × 15.22 లోంచి 44/7 × 14 తీసేయాలి. రెండు గుణకారాలూ విడివిడిగా చేసి ఎక్కడో ఒకచోట అంకె తప్పడం మామూలే. ఉమ్మడి కారణాంకాన్ని బయటికి తీస్తే (విభాగ న్యాయం పనికొచ్చేది ఇక్కడే) 44/7 × (15.22 − 14) = 44/7 × 1.22, అంటే 7.67 మీటర్లు. 14 మాయమైపోయింది! వ్యాసార్ధం 14 అయినా, 21 అయినా, ఊరంత గ్రౌండ్ అయినా పూర్తి రౌండుకు ఒక్కో లేన్‌కు స్టాగర్ 7.67 మీటర్లే. లేన్ వెడల్పు ఒక్కటే దాన్ని నిర్ణయిస్తుంది.

చాలామంది దీన్ని నమ్మలేరు. పెద్ద ట్రాకుకు 7 మీటర్ల పైన ఉంటే మన చిన్న గ్రౌండ్‌కు అందులో సగం చాలదా అనిపించడం సహజం. అలా సగం వేస్తే 200 మీటర్ల బాట మీద ఒక పూర్తి రౌండు పోటీలో నాలుగో లేన్ పిల్ల దాదాపు 211½ మీటర్లు పరుగెత్తాల్సి వస్తుంది. ఆమె చివర్లో ఎందుకు వచ్చిందో ఎవరికీ అర్థం కాదు. సగం చేయాల్సిన సందర్భం వేరే ఉంది: పోటీలో ఒకే మలుపు ఉంటే, అంటే 400 మీటర్ల ట్రాకు మీద 200 మీటర్ల పరుగైతే, అప్పుడు సగం. అదే ట్రాకు మీద 400 మీటర్ల పోటీకి రెండో లేన్ స్టాగర్ మాత్రం 7.67 కాదు, 7.04. మొదటి లేన్‌ను గట్టు వల్ల 30 సెంటీమీటర్ల దగ్గరా, రెండోదాన్ని 20 దగ్గరా కొలుస్తారు కాబట్టి తేడా 1.22 బదులు 1.12 అవుతుంది. 1.12 అంటే 28/25. 44/7 × 28/25 = 176/25 = 7.04. ఏడుతో 28 తెగిపోయి లెక్క ఎంత చక్కగా దిగిందో!

హర్డిల్స్ గీతలకు ఇంకో రకం జాగ్రత్త కావాలి. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గర, ఆపైన 8½ మీటర్లకు ఒకటి, చివరి హర్డిల్ నుంచి ముగింపుకు 10½. మొత్తం పది హర్డిల్స్. పదిసార్లు 8½ వేస్తే 108½ వస్తుంది, అది తప్పు. పది స్తంభాల మధ్య తొమ్మిది ఖాళీలే ఉంటాయి: 13 + 9 × 17/2 + 21/2 = 13 + 174/2 = 100. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి భువనేశ్వర్‌లో శిక్షణ తీసుకుంటూ 2023లో 12.78 సెకన్ల జాతీయ రికార్డు పరుగెత్తింది ఈ 13, 8½, 10½ల మీదే.

ఒకరినొకరు దాటేది ఎప్పుడు

ఇద్దరు 5000 మీటర్లు పరుగెత్తుతున్నారు. ఒకరికి 400 మీటర్ల రౌండుకు 72 సెకన్లు, రెండోవారికి 80. మొదటివారు రెండోవారిని పూర్తి రౌండు తేడాతో ఎప్పుడు దాటుతారు? సెకన్లను పోల్చుకుంటూ కూర్చుంటే తేలదు. తిరగేయాలి. ఒక సెకనులో ఒకరు రౌండులో 1/72 వంతు, ఇంకొకరు 1/80 వంతు ముగిస్తారు. 72, 80ల క.సా.గు. 720. 10/720 − 9/720 = 1/720. అంటే 720 సెకన్లకు ఒక రౌండు తేడా వస్తుంది. సరిగ్గా 12 నిమిషాలకు మొదటివారు పదో రౌండు, రెండోవారు తొమ్మిదో రౌండు ముగిస్తూ, బయల్దేరిన గీత దగ్గర కలుస్తారు. మొదటివారు 900 సెకన్లకు పోటీ ముగించేసరికి రెండోవారు 11¼ రౌండ్లలో ఉంటారు, ఇంకా రౌండుంబావు మిగిలి ఉంటుంది. రౌండ్లు లెక్కపెట్టేవాళ్లు తికమకపడి వెనకున్నవాళ్లకు ఒక రౌండు తగ్గించడమో పెంచడమో ఇలాంటి పోటీల్లోనే జరుగుతుంది.

సగటు వేగంలో ఇంకో పొరపాటు ఉంది. గజపతి జిల్లాలో మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తు కొండ, ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ ఎగువాదిగువలే. 6 కిలోమీటర్లు ఎగువకు గంటకు 8 చొప్పున ఎక్కి, అదే దారిన 12 చొప్పున దిగితే సగటు 10 కాదు. ఎక్కడానికి 6/8, దిగడానికి 6/12, కలిపి 5/4 గంట. 12 కిలోమీటర్లను 5/4తో భాగిస్తే 9.6. నెమ్మదిగా వెళ్లిన వేగంతో ఎక్కువసేపు గడిపారు కాబట్టి సగటు అటువైపు ఒరుగుతుంది. వేగాలను కాదు, సమయాలను కూడాలి.

రిలేలో సగటు ఇంకోలా ఉంటుంది. జమైకా జట్టు 2012 లండన్ ఒలింపిక్స్‌లో 4 × 100 మీటర్లను 36.84 సెకన్లలో ముగించింది. నాలుగుతో భాగిస్తే 9.21. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ ఒంటరిగా పెట్టిన ప్రపంచ రికార్డు 9.58. నలుగురిలో ముగ్గురు నిలబడి కాక, అప్పటికే పరుగులో ఉండి బ్యాటన్ అందుకుంటారు కాబట్టే ఈ తేడా.

పైకా, కిందికా

బడిలో చెప్పే సవరింపు పద్ధతి ఒకటే: 5, అంతకంటే ఎక్కువైతే పైకి, లేకపోతే కిందికి. అథ్లెటిక్స్‌లో అలా లేదు. ఫొటో ఫినిష్‌లో వచ్చిన సమయాన్ని సెకనులో వందో వంతుకు ఎప్పుడూ పైకే సవరిస్తారు. దూకుడు, విసురు పోటీల్లో దూరాన్ని సెంటీమీటరుకు ఎప్పుడూ కిందికే. లాంగ్‌జంప్ 5.278 మీటర్లు దూకితే నమోదయ్యేది 5.27. రెండింటి వెనకా ఉన్న న్యాయం ఒకటే: నిజంగా సాధించినదానికి మించి ఎవరి పేరునా రాయకూడదు.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒడిశాకు చెందిన కిశోర్ జెనా జావెలిన్‌ను 87.54 మీటర్లు విసిరి రజతం గెలిచాడు. స్వర్ణం నీరజ్ చోప్రాది, 88.88. కాగితం మీద తేడా 1.34. కానీ జెనా విసురు నిజంగా 87.54కూ 87.55కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, నీరజ్‌ది 88.88కీ 88.89కీ మధ్య. కాబట్టి అసలు తేడా 1.33కూ 1.35కూ మధ్య ఉంటుంది. సవరించిన రెండు సంఖ్యల మీద తీసివేత చేస్తే అనుమానానికి ఉన్న వెడల్పు రెట్టింపవుతుంది, ఒక సెంటీమీటరు కాస్తా రెండవుతుంది. మొదట చెప్పిన ‘ఒక్కసారే కత్తిరించాలి’ అన్న మాటకు కారణం ఇదే.

ఒక్క వందో వంతు ఎంత బరువైనదో ఈ దేశానికి 1984లో తెలిసింది. లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష సమయం 55.42, కాంస్యం గెలిచిన రుమేనియా అమ్మాయిది 55.41. ఉష సగటు వేగం 400/55.42, అంటే సెకనుకు సుమారు 7.2 మీటర్లు. అందులో 1/100 వంతు 7.2 సెంటీమీటర్లు. అరచేతి వెడల్పు కంటే తక్కువ. 400 మీటర్ల చివర ఆ మాత్రం తేడాకు పతకం పోయింది.

మన జిల్లా స్థాయి పోటీల్లో ఫొటో ఫినిష్ ఉండదు, చేతి వాచీలే. వాటికి సవరింపు ఇంకా కఠినం: పదో వంతుకు పైకి. ఒక అమ్మాయి 100 మీటర్ల పరుగుకు ముగ్గురు వాచీ పట్టారు. 12.31, 12.38, 12.43 వచ్చాయి. చాలామంది మూడింటినీ కూడి మూడుతో భాగిస్తారు, 12.37⅓ అంటారు. నిబంధన అది కాదు. ముందు ఒక్కోదాన్ని పైకి సవరించాలి: 12.4, 12.4, 12.5. రెండు వాచీలు ఒకే మాట చెబితే అదే సమయం. మూడూ మూడు రకాలుగా ఉంటే మధ్యది తీసుకోవాలి, సగటు కాదు. ఒకరు బొటనవేలు ఆలస్యంగా నొక్కితే సగటు మొత్తం చెడుతుంది, మధ్య విలువ చెడదు. వాచీలు రెండే ఉంటే ఎక్కువ సమయం చూపినదే లెక్క. ఇక్కడ ఆ అమ్మాయి సమయం 12.4.

ఇప్పుడు ఆమెను పై స్థాయికి పంపాలి. పట్నంలో ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పరుగెత్తిన ఇంకో అమ్మాయి 12.60తో జాబితాలో ఉంది. చూడగానే మన అమ్మాయే ముందనిపిస్తుంది. కానీ వాచీ పట్టినవాడు తుపాకీ పొగ చూసి నొక్కేసరికి కొంత సమయం గడిచిపోతుంది, ఆ మేరకు చేతి సమయం తక్కువగా వస్తుంది. అందుకే 100, 200 మీటర్లకు 0.24, 400 మీటర్లకు 0.14 సెకను కలిపి పోలుస్తారు. 12.4 + 0.24 = 12.64. జాబితాలో ఆమె పేరు రెండోదవుతుంది, తేడా సెకనులో 1/25 వంతు. ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న ట్రాకు మీద ఆమెను ఒక్కసారి పరుగెత్తించి చూస్తే గానీ ఆ 1/25 వంతు ఆమె కాళ్లదో, వాచీ పట్టినవాళ్ల బొటనవేళ్లదో తేలదు.